ఆ గోడ ఎందుకు పగిలింది

ఏళ్లుగా ఒక గోడను మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పడం లేదు. అందుకే ఇప్పుడైనా నోరు విప్పగలుగుతున్నాను.

చొప్పదండిలో మాకో ఇల్లుంది. దాన్ని లక్ష్మీరాజం అనే నేత కార్మికుడికి కిరాయికిచ్చాను. ముందు గదిలో రెండు మరమగ్గాలు పెట్టుకున్నాడు. మా వైపు వాటిని సాంచాలంటారు. వెనక గదిలో భార్యాపిల్లలతో ఉండేవాడు. రెండు గదుల మధ్య గోడ మొదట సన్నగా చీలింది. తర్వాత వేలు దూరేంత అయింది. పిల్లలు ఆ గోడ పక్కనే పడుకుంటారని ఎన్నోసార్లు చెప్పాడు. విని ఊరుకున్నాను. మున్సిపాలిటీలో ఫిర్యాదు చేశాడు. వాళ్లు వచ్చి చూసి బాగు చేయించమన్నారు. పైపైన సిమెంటు పూయించాను. వానలు పడగానే మళ్లీ విచ్చుకుంది. చివరికి విసిగిపోయి, గోడ కొత్తగా కట్టించాలంటూ కరీంనగర్ కోర్టులో నా మీద దావా వేశాడు.

జవాబు దాఖలు చేయాలి. గోడ ఎందుకు పగిలిందని మా వకీలు అడిగాడు.

నాకు తెలుసు. ఆ గోడ కింద బావి ఉంది.

ఆ స్థలం ఒకప్పుడు ఊరి బయట మా పొలం. ఎండిపోయిన బావిని బాపు, అంటే మా నాన్న, పూడ్పించాడు. ఎక్కడో దూరాన బోథ్ దిక్కు నుంచి వచ్చి పోయిన కూలీలతో పాటు నేనూ మట్టి తట్టలు మోశాను. తర్వాత దాని మీదే ఇల్లు లేపాం. బాపు పోయాక ఊళ్లో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. బయటపడితే ఇల్లు ఎవరూ కొనరు. అప్పుడు దాన్ని అమ్మే ఆలోచనలో ఉన్నాను.

"సాంచాల అదురుకు పగిలింది" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందా మాట! ముందే అనుకుని పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

సాంచాలు నడిచే గదిలో నిలబడితే పాదాల కింద నేల అదురుతుంది. ఎవరైనా నమ్ముతారు. కోర్టూ నమ్మింది. దావా కొట్టేశారు. లక్ష్మీరాజం ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు. అంతకంటే ఘోరం, అతనూ నమ్మాడు. కోర్టు బయట నా దగ్గరికే వచ్చాడు.

"పటేలా, మా ఇంటామె ముందుగాలనే అన్నది. గీ సాంచాల సప్పుడుకు నా పండ్లే కదులుతున్నయి, గోడ కదలదా అని. నేనే ఇనలే" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నిన్ను ఉత్తగనే పరేషాన్ చేసిన. మనసుల పెట్టుకోకు."

"పోనీ తియ్ లక్ష్మీరాజం. అయిందేదో అయింది" అన్నాను.

అంటే క్షమించాను. నేను, అతన్ని!

సాంచాలుంటే ఇంకెవరూ ఇల్లివ్వరని అతను వాటిని పాత ఇనుముకు అమ్మేశాడు. ఇప్పుడు వేరేవాళ్ల దగ్గర కూలికి నేస్తున్నాడు. కిరాయి ఇళ్లల్లో సాంచాలు పెట్టొద్దని, గోడలు ఆగవని తోటి నేతవాళ్లకు చెబుతుంటాడట.

ఇల్లు అమ్ముడుపోలేదు. అతను ఖాళీ చేసినప్పటి నుంచి ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. అయినా పగులు పెరుగుతూనే ఉంది. ఏటా వానాకాలం పోయాక వెళ్లి, తలుపు వేసుకుని, నేనే సిమెంటు పూస్తాను. మేస్త్రీని పిలవను. అతను చూడగానే కనిపెడతాడు. ఎవరూ అడగని పగులును ఎవరి కోసం మూస్తున్నాను?

లక్ష్మీరాజానికి చెప్పొచ్చు కదా అంటారు. చాలాసార్లు బయలుదేరి, వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఇక్కడ కూడా అతని పేరు మార్చి రాశాను. ఇంతవరకే నా ధైర్యం.

కానీ ఒక్కసారైనా రాయాలనిపించింది. గోడ కింద బావి ఉంది. సాంచాలు ఏమీ చేయలేదు.