కావలి దాటని కాగితం

1963లో నన్ను అల్లూరు సబ్ పోస్టాఫీసుకు పోస్టుమన్‌గా వేశారు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టే పని నాకే దొరికిందని తెలిస్తే మా అయ్యవారు ఎంత నవ్వుకొనేవారో! నా బీటు, అంటే రోజూ తిరగాల్సిన దారి, సముద్రం వైపు పల్లెలు. సగం దూరం సైకిలు నన్ను మోసేది. ఇసుక వచ్చాక నేను సైకిలును మోసేవాణ్ణి.

ఆ దారిలో చివరి ఇల్లు యేసురత్నానిది. సైన్యంలో ఉండగా లారీ బోల్తాపడి అతని ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. వైకల్య పింఛను రావాలంటే ఆ దెబ్బ డ్యూటీలో తగిలిందేనని ఉత్తరదేశంలోని పింఛను ఆఫీసు ఒప్పుకోవాలి. ఒప్పుకొనేదాకా అతని భార్య కరుణమ్మ తెచ్చిందే కూడు. చంటిబిడ్డను గట్టున పడుకోబెట్టి ఆమె నాట్లు వేసేది.

నేను వచ్చే వేళకు యేసురత్నం మొహం కడుక్కొని, ఖాకీ చొక్కా తొడుక్కొని అరుగు మీద కూర్చొనేవాడు. ఉత్తరం లేని ఇంటి ముందు పోస్టుమన్ ఆగక్కర్లేదు. నేను ఆగి బెల్లు కొట్టేవాణ్ణి.

"రాలేదా బావా?" అనేవాడు. కరుణమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి అతనికి బావనయ్యాను.

"బయల్దేరింది బావా. ఇటార్సీలో బండి మారతా ఉంది."

"ఇటార్సీలోనా? పూరీలు బాగుంటాయి అక్కడ. తినే వస్తాదిలే."

సెలవులకు అతను వచ్చిపోయిన దారే అది. ఇంకా రాని ఆ మంజూరు కాగితానికి నాగపూరులో కమలాలు తినిపించి, బెజవాడలో స్నానం చేయించి, ఒకనాడు హుషారులో కావలి దాకా తెచ్చేశాను. కావలి తర్వాత బిట్రగుంట స్టేషను. మా టపా దిగేది అక్కడే. తిరిగి వస్తుంటే కరుణమ్మ తడిక దగ్గర ఆపింది.

"కావలి మాత్రం దాటనీబాకన్నా. దగ్గరికొచ్చిందంటే ఈయనకి కంటిమీద కునుకుండదు."

ఆనాటి నుంచి కావలి చేరిన కాగితం ఏదో ఒకటి మరిచిపోయి వెనక్కి పోయేది. ఒకసారి గొడుగు, ఒకసారి చెప్పులు.

ఏడాదికి నిజంగానే ఒక కవరు వచ్చింది. మంజూరు ఉత్తర్వులు రిజిస్టరు టపాలో వస్తాయి, ఇది మామూలు టపా. అందుకే కావలి మాట ఎత్తకుండా విప్పి చదివాను. సర్కారు కాగితాల మీద మగవాళ్ళు ఎడమ బొటనవేలి ముద్ర, ఆడవాళ్ళు కుడి వేలి ముద్ర వేయాలి. ఎడమ చెయ్యే లేనివాడు దరఖాస్తు మీద కుడిది వేశాడు. అక్కడి గుమాస్తా ఎవరో అది పెళ్ళాం ముద్ర అనుకొని, మొగుడు పోయాడని తేల్చి, మరణ ధ్రువపత్రం పంపమన్నాడు.

"బావా, నువ్వు చచ్చిపోయినావంట."

"అట్నా! నాకెవురూ చెప్పలేదే!"

ఇద్దరం పగలబడి నవ్వాం. కరుణమ్మ నవ్వలేదు. అతని కుడి చెయ్యి లాక్కొని, ఎప్పుడో పోయిన సిరాను కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

మనిషి బతికే ఉన్నాడని, ఎడమ చెయ్యి లేదని సర్కారు డాక్టరు చేత సర్టిఫికెట్టు రాయించి మళ్ళీ పంపాం. మర్నాడు బెల్లయితే కొట్టాను గానీ, సంచీలో లేని కవరు వెతుకుతూ నిలబడ్డాను. కరుణమ్మే అంది: "నోరు పడిపోయిందా ఏందన్నా? దాన్ని మళ్ళా ఇటార్సీలో బండెక్కించు."

ఎక్కించాను. నాట్లు పడి, కోతలై, మళ్ళీ నాట్లు పడ్డాక రిజిస్టరు కవరు వచ్చింది. సైకిలు ఇసుకలో పడేసి, బెల్లు కొట్టడం కూడా మరిచి, "బావా, కావలి దాటినాది" అన్నాను. యేసురత్నం లేచి నిలబడి చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. కరుణమ్మ నా మొహం చూసి, చేతిలో చేట అక్కడే పెట్టి కూర్చుండిపోయింది. పింఛను మంజూరయింది.

రసీదు మీద అతని కుడి వేలి ముద్ర వేయించి, పక్కన "మగమనిషి. బతికే ఉన్నాడు" అని రాశాను. పోస్టుమాస్టరు గారు చీవాట్లు పెట్టారు.

ఉత్తరం లేనినాడు ఆ లేదన్న మాట కూడా ఇంటి ముందు ఆగే చెప్పాలి. నా తర్వాత ఆ బీటుకు వచ్చినవాళ్ళకు ఇదే చెప్పాను. చేతికి రానిదాన్ని కావలి దాటించవద్దని కూడా చెప్పాను.