రాజేశం స్టేటస్‌కు రిపేరు

ముందే చెబుతున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. గుప్పెడు చూస్తే గంపెడు చెబుతాను. ఏది కల్పించానో చివర్లో నేనే ఒప్పుకుంటాను, అంతదాకా ఓపిక పట్టండి.

2023 వానకాలం. సిరిసిల్లలో నా సెల్‌ఫోన్ రిపేరు షాపు, అగ్గిపెట్టెకు అన్నలాంటి గది. ఆ రోజు కౌంటరు ముందు వేములవాడ శివరాత్రి జాతరంత జనం. వాళ్లందరినీ తోసుకుంటూ వచ్చాడు రాజేశం. సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల షెడ్డులో పని. ఆ మోతలో పక్కవాడికి మాట చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. అందుకే బయట కూడా అదే గొంతు. అతను నోరు తెరవగానే నా షోకేసులోని ఫోన్లన్నీ వాటంతటవే వైబ్రేట్ అయ్యాయి.

"అన్నా, నా స్టేటస్ ఖరాబైంది. ఎవ్వలకు పోతలేదు, ఎవ్వలయి నాకు అస్తలేవు."

"ఎన్నొద్దులైంది?"

"రెండు నెలలు. పొద్దుగాల లేవంగనె గుడ్ మార్నింగ్ పెడ్త. ఇదివరకు నలభై మంది చూస్తుండిరి. మొకం కడుగకముందే ఎవ్వలెవ్వలు చూసిండ్రో చూసుకుంటుంటి. గిప్పుడు సున్న."

ఫోన్ విప్పాను. మైక్రోస్కోపు కింద పెడితే చార్జింగ్ రంధ్రంలో చీరకు సరిపడా పోగులు దొరికాయి కానీ జబ్బు దొరకలేదు. వాట్సాప్ తీసేసి మళ్లీ వేశాను. సున్నే.

చివరికి ఒకరి నంబరు ఒకరం సేవ్ చేసుకుని, స్టేటస్ పెట్టమన్నాను. టక్కున నా ఫోన్‌లో కనిపించింది. బంతిపువ్వు, కింద శుభోదయం. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

"ఫోన్ మంచిగనే ఉంది. నంబరేమన్న మార్చినవా?"

"అవ్. పాత సిమ్ము పోయింది. రోడ్డు మీద గొడుగు కింద ఇస్తుంటె కొత్తది తీసుకున్న."

అదీ జబ్బు. అవతలివాళ్లు మన నంబరు సేవ్ చేసుకుంటేనే మన స్టేటస్ వాళ్లకూ, వాళ్లది మనకూ కనిపిస్తుంది.

"కొత్త నంబరు ఎవ్వలకు చెప్పలేదా మరి?"

"ఎందుకు చెప్పలే? ఒక్కొక్కలకు ఫోన్ చేసి చెప్పిన. అందరు సేవ్ చేసుకుంటమన్నరు..."

అంటుండగానే అంత గొంతూ ఒక్కసారి తగ్గింది.

"ఇంకోపారి మెసేజ్ పెట్టరాదా?" అన్నాను.

"నన్ను సూడుండ్రి అని అడుక్కుంటమా అన్నా?" ఫోన్‌ను నా వైపు జరిపాడు. "ఏదన్న పార్ట్ పోయిందేమో సూడు. ఉంటె మార్చరాదా?"

ఇరవయ్యేళ్లలో, పోని పార్టును మార్చమని అడిగినవాడు అతనొక్కడే. తెర మీద రక్షణగా ఉండే అద్దాన్ని మేం టెంపర్డ్ గ్లాస్ అంటాం. పగలని ఆ అద్దాన్ని పీకేసి కొత్తది అంటించాను.

"ఇగ మంచిగ కనవడ్తది తియ్."

నమ్మినట్టు తలూపి వెళ్లాడు.

మర్నాటి నుంచి పళ్లు తోమకముందే ఆ బంతిపువ్వు తెరవడం నా పనైంది. ఒకరోజు జ్వరమొచ్చి తెరవలేదు. తొమ్మిదింటికి ఫోన్ మోగింది. వెనక సాంచాల మోత.

"పానం మంచిగున్నదా అన్నా?"

ఫోన్ విప్పే ముందు, అది ఎవరి కోసం పనిచేయాలో అడగడం అప్పుడే నేర్చుకున్నాను.

ఇక ఒప్పుకోలు. షోకేసులో ఫోన్లు వణికాయన్నది, చీరకు సరిపడా పోగులన్నది కాస్త పెంచినవే. పూర్తిగా కల్పించింది మాత్రం ఆ జాతర జనాన్ని. ఆ రోజు పొద్దుటి నుంచి షాపుకు వచ్చింది రాజేశం ఒక్కడే. కొత్త ఫోన్ కవర్లు వచ్చాయని నేనూ రోజూ స్టేటస్ పెడతాను. దాని కింద, ఎంతమంది చూశారో చెప్పే కన్ను గుర్తు పక్కన ఇప్పుడు ఒకటి అని ఉంటుంది.