తొక్కల బకెట్టు

టేపు బాబాయ్ అంటే ఆ నాలుగంతస్తుల బిల్డింగులో తెలియనివాళ్లు లేరు. వృత్తి టైలరు. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ను చూసినవాళ్లూ లేరు. రెడీమేడ్ బట్టలొచ్చాక కొలతలిచ్చేవాళ్లు మానేశారు. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు కూడా లేకుండా పోయింది. మూసిన మిషను ఎదురుగా కూర్చుంటే పాపం, మనిషికి ఊపిరాడేది కాదు.

అందుకే మేడ మీద కుండీల్లో వంగ, టమాటా వేశాడు. ఎరువుకు తొక్కలు కావాలంటూ బకెట్టు పట్టుకుని తలుపులు తట్టడం మొదలెట్టాడు. అరటి తొక్కలు, టీ పిప్పి, ఎండుటాకులు కలిపి చిల్లుల డ్రమ్ములో మగ్గబెట్టేవాడు. తొక్కలిస్తూ ఎవరో ఒకరు "ఏం బాబాయ్, కాపెలా ఉంది?" అనేవారు. ఆ ఒక్క మాటకే ఆ పూటంతా ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

చిక్కల్లా డ్రమ్ముతో వచ్చింది. అది నిండిపోయింది. ఇక ఏ మొహం పెట్టుకుని తలుపు తట్టాలి? ఇంకేముంది, మగ్గీ మగ్గని ఎరువంతా తీసి కుండీల్లో కుమ్మరించాడు. మళ్లీ బకెట్టు, మళ్లీ తలుపులు, మళ్లీ కుమ్మరింపు! బుద్ధున్నవాడు చేసే పనేనా? పోనీ తెలియక చేశాడా అంటే, అదీ కాదు. పచ్చి ఎరువు వేడికి ఆకులు మాడాయి, పూత రాలింది, మొక్కలు ఒక్కొక్కటే వాలిపోయాయి.

అయినా మర్నాడు రెండో అంతస్తులో టీచరమ్మ తలుపు తట్టాడు.

"బట్టలారేయడానికి నిన్న పైకెళ్లాను బాబాయ్. మొక్కలన్నీ చచ్చిపోయాయిగా! ఇంకా తొక్కలెందుకండీ?" అందావిడ.

కొత్త నారు పోస్తానని అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. టేపు కొస వేలికి చుట్టుకున్నాడు.

"మొక్కలకు కాదమ్మా. ఇలా తడితే మీరు తలుపు తీస్తారని. రోజంతా నాతో మాట్లాడేవాళ్లు లేరు."

టీచరమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో, అలా అనకండి బాబాయ్!" అంటూ బకెట్టు లాక్కుని వంటింట్లోకి పరిగెత్తింది. ఉన్న తొక్కలన్నీ వేసింది. చాలవేమోనని మంచి క్యారెట్లు కూడా చెక్కు తీసి వేసింది. తెచ్చి ఆయన చేతికిచ్చి, "రేపు కూడా రండి, తప్పకుండా ఇస్తాను" అని, ఇంకో మాటకు ఆగకుండా తలుపు వేసుకుంది.

ఇన్నాళ్లలో బకెట్టు అంత నిండుగా ఎప్పుడూ రాలేదు. దాన్ని మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది.