అమ్మ ముఖంలో చిల్లు

నా చిన్నప్పుడు కాన్వెంట్‌లో మనిషి బొమ్మ గీస్తే ముందు వేళ్లు లెక్కపెట్టేవారు... ఒక వేలు తగ్గితే ఒక మార్కు పోయేది.

మూడో తరగతిలో ‘మా అమ్మ’ను గీయమన్నారు. బాగున్నవి పేరెంట్స్ డే నాడు బోర్డుకు పెడతారట. నాకు పాట రాదు, డాన్స్ రాదు, నలుగురిలో నోరు పెగలదు... ఆ క్లాసులో నేనూ ఉన్నానని అమ్మకు తెలియాలంటే ఆ బోర్డొక్కటే దారి.

నడుం మీద చెయ్యి వేసుకున్న అమ్మను గీశాను. వేళ్లు పదీ కుదిరాయి. ముక్కే కుదరలేదు. రబ్బరును నాలుకకు తాకించి రుద్దాను... గీశాను... మళ్లీ రుద్దాను. నాలుగోసారి అమ్మ ముఖంలోంచి డెస్కు కనిపించింది.

డ్రాయింగ్ సిస్టర్ ఆ చిల్లులోంచి నన్ను చూశారు.

“టెన్ ఫింగర్స్, వెరీ గుడ్. ఫేస్ ఎక్కడమ్మా?”

బొమ్మ బోర్డెక్కలేదు. సాయంత్రం ఇంట్లో ఏడుస్తుంటే, అమ్మ ఆ కాగితాన్ని ముఖానికి పెట్టుకుని చిల్లులోంచి ముక్కు బయటపెట్టింది.

“ఇప్పుడు కుదిరిందా?”

ఇప్పుడు కెనడాలోని కిచెనర్‌లో ఉంటున్నాను. ఈ చలికాలం లైబ్రరీలో, కొత్తవాళ్ల కోసం పెట్టిన అక్రిలిక్ పెయింటింగ్ క్లాసులో చేరాను. టీచర్ చేతికి వెడల్పాటి బ్రష్ ఇచ్చి, “నో ఫేస్, నో ఫింగర్స్!” అన్నారు. తలకొక చుక్క, ఒంటికి రెండు పూతలు... నిలబడిన తీరులోనే మనిషి తెలియాలట. చివరి రోజు బొమ్మలన్నీ లైబ్రరీ గోడకు పెడతారట.

మళ్లీ అమ్మనే వేశాను. నడుం మీద చెయ్యితో సహా. వేళ్లు వేయకుండా ఎలాగో ఆగాను కానీ, టీచర్ అటు తిరగగానే చిన్న ముక్కు పెట్టేశాను. వంకరగా వచ్చింది... అలవాటుగా వేలు నాలుకకు తాకించి రుద్దాను. ముఖమంతా చెరిగిపోయింది.

పక్కన బొమ్మ వేసుకుంటున్న పద్మ ఆంటీ కెవ్వుమన్నారు. “రంగు తింటున్నావేంటమ్మా! నాలుక చూడు, నీలం! పో, పుక్కిలించుకుని రా.”

తిరిగొచ్చేసరికి ఆంటీ నా బొమ్మ ముందే ఉన్నారు.

“ఎవరీవిడ? ఎవరికో బాగా తిట్లు పడుతున్నట్టున్నాయే!”

“ముఖమే లేదు కదా ఆంటీ... ఎలా తెలిసింది?”

“ఆ నడుం మీద చెయ్యి చాలదూ? నేనిలా నిలబడితే చాలు, మా పిల్లలు ‘మామ్, వాట్ డిడ్ వి డూ నౌ?’ అంటారు.”

ఇక ముక్కు జోలికి పోలేదు. బొమ్మ గోడకెక్కింది. ఫొటో తీసి అమ్మకు పంపాను.

ఒకటే మాట వచ్చింది. “ముక్కేది?”

ఇప్పుడు ముఖం లేకపోయినా బొమ్మ బాగుందంటారు... కానీ ఈ కాన్వాస్‌కు చిల్లు లేదు, అమ్మ ముక్కు పెట్టడానికి.

మీ డ్రాయింగ్ పుస్తకంలో ఎవరి ముఖానికి చిల్లు పడింది?