నా కోసం అక్క మానేసిన పాలు

పోయినేడు జూన్‌లో నేను మాంసం, పాలు దాదాపుగా మానేశాను. నా కారణం వాతావరణం. మా అక్క మాత్రం నాకు కిడ్నీలు చెడిపోయాయని అనుకుంది. పది నెలల పాటు అలాగే అనుకుంది. నేను నోరు విప్పి ఉంటే ఒక్క పూటలో తేలిపోయే సంగతి అది.

నేను నెల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. తొమ్మిదో తరగతికి భూమి వేడెక్కడం గురించి పాఠం చెప్పే రోజు నాకు హుషారు ఎక్కువ. పశువులు నెమరు వేసేటప్పుడు తేన్పులతో మీథేన్ బయటికొస్తుందని చెప్పగానే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగాక అసలు సంగతి చెబుతాను. ఆ గ్యాసు గాలిలో మరీ ఎక్కువ కాలం ఉండదు, కానీ ఉన్నన్నాళ్ళూ వేడిని గట్టిగా పట్టి ఉంచుతుంది. పైగా పశువుల మేత కోసం ఎక్కడెక్కడో అడవులు నరికేస్తున్నారు. మాంసం, పాలు బాగా తినేవాళ్ళు కొంత తగ్గించుకుంటే దాని ఫలితం మన కాలంలోనే కనిపిస్తుంది. ఈ పాఠం చాలా ఏళ్ళుగా చెబుతున్నాను.

ఆ జూన్‌లో వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచింది. సముద్రం ఒడ్డు పాళెం నుంచి వచ్చే పిల్ల. అలలు ఇంటి గోడ దాకా వస్తున్నాయని వాళ్ళు ఇల్లు వెనక్కి మార్చుకున్నారు. "మరి మీరేం మానేసినారు సార్?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. నా టిఫిన్ డబ్బాలో ముందురోజు కోడికూర ఉంది. మధ్యాహ్నం దాన్ని తిన్నాను గానీ రుచి తెలియలేదు. నాకు సిగ్గేసింది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. పండగలకు తప్ప మాంసం వద్దు, కాఫీ డికాషనే తాగుతాను, చేపలు మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు, మిగతా రోజులు పప్పులు, అలసందలు, వేరుశనగలు. ఆమె శాంతంగా విని, "మీరు భూమిని కాపాడుకోండి, నా టీ జోలికి మాత్రం రాబాకండి" అంది. మా ఇంట్లో ఆ చర్చ అంతటితో ముగిసింది.

స్కూల్లో ఇంకోలా జరిగింది. మా లెక్కల మాస్టారికి లోపలి ఊళ్ళో వరి పొలముంది. నేను క్రైస్తవుణ్ణి కాబట్టి దీక్షకు మాల వేసుకున్నానని అనుకోవడానికి వీల్లేదు. అందుకని ఆయన నేరుగానే కారణం అడిగాడు. చెప్పాను. రెండు రోజులు ఎక్కడో చదివి వచ్చినట్టున్నాడు. "వరి మళ్ళలో నీళ్ళు నిలబెడితే కూడా అదే గ్యాసంట గదా సార్. అన్నం ఎప్పుడు మానేస్తుండారు?" అని స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగాడు. ఆయన చెప్పింది నిజమే. మడిని నడుమ నడుమ ఆరబెడితే ఆ గ్యాసు తగ్గుతుందని చెప్పాను. "ముందు మా కాలవకి టయానికి నీళ్ళు రానీయండి సార్, తర్వాత ఆరబెడతాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఇలా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. అక్కకు మాత్రం చెప్పలేదు.

అక్క ఉండేది మైపాడు పక్క ఊళ్ళో. బావ పోయి ఆరేళ్ళయింది. కూతురు గూడూరులో కాపురముంటోంది. అక్కకు ఉన్నది రెండు బర్రెలు, సముద్రపు కాలవ పక్కన ఒక కయ్య, అంటే చిన్న వరి మడి. రెండేళ్ళ కిందట తుఫానుకు కాలవ వెనక్కి పొంగి ఉప్పునీళ్ళు ఆ కయ్యలో నిలిచిపోయాయి. నీళ్ళు పోయాక మట్టి మీద తెల్లగా పొర కట్టింది. అప్పటి నుంచి వరి లేదు, వరిగడ్డీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా బర్రెలకు మేత కూడా కొనాల్సి వచ్చింది. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి పాల వల్ల భూమికి చేటని ఎలా చెప్పేది? బాధపడుతుందని ఊరుకున్నాను. అప్పట్లో దాన్ని మంచితనం అనుకున్నాను.

ప్రతి ఆదివారం నేను బస్సెక్కి ఆ ఊరి గుడికే వెళతాను. ఆరాధన అయ్యాక భోజనం అక్క ఇంట్లో. వేటకూర, చారు, గడ్డపెరుగు చిన్నప్పటి నుంచీ ఆదివారం వాడుక. జూన్‌లో ఒక ఆదివారం నేను కూర వద్దన్నాను, పెరుగూ వద్దన్నాను, "ఊరికేలే అక్కా" అని తప్పించుకున్నాను. అక్క గరిటె పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. ఏమీ అడగలేదు. పై ఆదివారం వంకాయ కూర, పప్పు చేసింది. మళ్ళీ ఆ ఇంట్లో ఆదివారం మాంసం వాసన రాలేదు. చూశావా, చెప్పకుండానే మన పద్ధతి ఒక ఇంటిని మార్చింది అని నేను లోపల్లోపల మురిసిపోయాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

అక్క ఎందుకు అడగలేదో చెప్పాలంటే మా సంఘం సంగతి చెప్పాలి. ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో మాంసం మానడం అందరూ చేసేదే. ఆ రోజులు కాకుండా వేరే సమయంలో ఎవరైనా తిండి మానుకుంటే, వాళ్ళకేదో పెద్ద కష్టం వచ్చి దేవుడి దగ్గర కూర్చున్నారని అర్థం. కారణం అడగకూడదు. అడిగితే ఆ ఉపవాసం మనుషుల మెప్పు కోసం అయిపోతుందని పెద్దవాళ్ళు అంటారు. ప్రేమ ఉన్నవాళ్ళు చేయగలిగింది ఒక్కటే. వాళ్ళు ఏది మానేశారో తామూ అదే మానేసి, చెప్పకుండా ప్రార్థన చేయడం. నేను పుట్టి పెరిగింది ఆ సంఘంలోనే. అయినా ఇది నాకు తట్టలేదు.

దానికి తోడు బావ కథ. ఆయనకు కిడ్నీలు చెడినప్పుడు డాక్టరు మొదట తగ్గించమన్నవి మాంసం, పాలు. బావ అక్కకు చెప్పలేదు. అరగడం లేదని, సయించడం లేదని నెట్టుకొచ్చాడు. జబ్బు సంగతి అక్కకు తెలిసేసరికి ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే స్థితికి వచ్చాడు. ఏడాది తిరగలేదు. అందుకే తమ్ముడు సరిగ్గా ఆ రెండూ మానేసి "ఊరికేలే అక్కా" అన్నప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన రాలేదు. మా ఆవిడకు ఫోన్ చేసి అంతా బాగుందా అని అడిగిందట. బాగుందంటే, పాపం ఈమెకు కూడా చెప్పలేదు అనుకుంది. క్రిస్మస్ రోజు నేను వేటకూర రెండు ముక్కలు పెట్టించుకుంటే, మీ బావా అంతే, పండగపూట ఆగలేకపోయేవాడు అనుకుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఈస్టరు వెళ్ళాక మా గుడిలో కోత పండుగ చేస్తారు. పండించినవాళ్ళు పండించినవి తెస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, గంపెడు రొయ్యలు. వాటిని గుడి ముందే వేలం పాడతారు. కయ్య పండకపోయినా అక్క ఏటా కుండెడు పెరుగు తెస్తుంది. ఆ రోజు ఆమె కుండ పట్టుకుని వరసలో నిలబడి, తన వంతు రాకముందే కూలబడిపోయింది. కుండ పగిలింది. నేను పరుగెత్తి లేపితే ఒళ్ళు చల్లగా ఉంది. ఎప్పుడూ కాయకష్టం చేసే మనిషి, చేతుల్లో పసిపిల్ల బరువు కూడా ఉన్నట్టు అనిపించలేదు.

ఆటోలో నెల్లూరు తీసుకెళ్ళాం. రక్తం బాగా తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది.

"రోజూ ఏం తింటారమ్మా?"

"అన్నం, చారు. పచ్చడి."

"పప్పు, ఆకుకూరలు, గుడ్డు?"

"పప్పు ఆదివారం చేస్తా. తమ్ముడొస్తాడు గదా."

"ఇంట్లో బర్రెలున్నాయంటున్నారు. పాలు తాగరా?"

"మానేసినా. పది నెలలైంది."

"ఎందుకమ్మా?"

అక్క నా వైపు చూసి చెప్పింది. "వాడు మానేసినాడు, అందుకని."

డాక్టరమ్మ కూడా నా వైపు చూసింది. నేనే అక్క చేత మాన్పించానని ఆమె అనుకున్నా ఆశ్చర్యం లేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, ఆ కుర్చీలో కూర్చుని నాకు అది బాగా అర్థమైంది.

నేను మాంసం, పాలు మానేసి వాటి బదులు పప్పులు, శనగలు తింటున్నాను. ఒంట్లో ఏ లోటూ లేదు. అక్క మాత్రం ఉపవాసం అనుకుంది కాబట్టి వాటి బదులు ఏమీ తినలేదు. ఆ వయసులో, ఆ రక్తంతో, పప్పూ ఆకుకూరలతో పాటు కొన్నాళ్ళు రోజూ గుడ్డు, గ్లాసు పాలు తప్పనిసరి అని డాక్టరమ్మ రాసిచ్చింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను.

"నాతో ఒక్క మాట చెప్పకుండా ఇట్టా చేస్తావా అక్కా?"

"నువ్వు ఉపవాసం ఎందుకుండావో నేను అడిగినానా? నీతో కూడా నేనూ ఉండాను. అంతే."

"నేను ఉపవాసం ఉండలా."

"అయితే డాక్టరు మానమన్నాడు."

"ఏ డాక్టరూ అనలా. నాకేం జబ్బు లేదు."

"మీ బావా ఇట్టనే అన్నాడు."

అప్పుడు చెప్పాను, పశువులు, గ్యాసు, వేడి, సముద్రం, తుఫాన్లు అన్నీ. తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పినదాని కంటే వివరంగా చెప్పాను. ఆమె చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది. "బర్రె తేన్చితే సముద్రం పొంగుద్దా? నన్ను ఎర్రిదాన్ని చెయ్యబాకురా. ఎన్నాళ్ళ నుంచుండాది నీకు?" అంది. ఏడవడం మొదలుపెట్టింది. పది నెలలుగా దాచుకున్న ఏడుపు. అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

నాకు టెస్టు చేయించి కాగితం చూపించేదాకా గుక్కెడు పాలు కూడా ముట్టనంది. నర్సు చెప్పినా వినలేదు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంచుకుని మర్నాడు పొద్దున్నే ల్యాబుకు తీసుకెళ్ళాను. నా చేతిలోంచి రక్తం తీస్తుంటే పక్కనే నిలబడి సూదినే చూస్తోంది. అక్కకు ఇంగ్లీషు రాదు, కానీ క్రియాటినిన్ అనే మాట మాత్రం తప్పు లేకుండా పలుకుతుంది. కాగితం వచ్చాక నన్ను చదవనివ్వలేదు. ల్యాబు అమ్మాయి చేతే చదివించుకుంది.

"అంతా నార్మలేనమ్మా."

"క్రియాటినిన్ ఎంతుండాది? ఎంతుండాల?"

ఆ అమ్మాయి రెండు అంకెలూ చెప్పింది. అక్క మళ్ళీ అడిగింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని "స్తోత్రం" అంది.

మధ్యాహ్నానికి ఆమెను తీసుకుని మైపాడు బస్సెక్కాను. మా ఆవిడ క్యారేజీలో అన్నం, తోటకూర పప్పు, ఉడికించిన గుడ్లు కట్టిచ్చింది. బర్రెలను పక్కింటివాళ్ళు చూసుకున్నారు, పాలు కూడా తెచ్చి పెట్టారు. నేను కాచి గ్లాసులో పోసిస్తే అక్క అరుగు మీద కూర్చుని మెల్లగా తాగింది. తాగాక "నిన్న ఏదో చెప్తివే, మళ్ళా చెప్పు" అంది. ఈసారి భయం లేని చెవులతో వింది.

"అయితే నా బర్రెల వల్లేనా కయ్య పోయింది?"

"నీ రెండు బర్రెల వల్ల కాదక్కా. ప్రపంచం నిండా కోట్ల పశువులుండాయి. బొగ్గు, పెట్రోలుది అన్నిటికంటే పెద్ద పాపం. తిలాపాపం తలా పిడికెడు."

"మరి నాతో ఎందుకు చెప్పలా?"

"బర్రెలుండేదానివి, బాధపడతావని."

అక్క కయ్య ఉన్న వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"ఉప్పునీళ్ళు నా కయ్యలోకొచ్చె. బర్రెలు నావాయె. ఈ మాట నాతో గాకుండా ఇంకెవరితో చెప్తావురా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను స్టాఫ్ రూములో వాదించి, క్లాసులో నవ్వించి, ఉప్పునీళ్ళు అందరికంటే ముందు ఎవరి మడిలోకి వచ్చాయో ఆమె దగ్గర మాత్రం నోరు మూసుకున్నాను. చెబితే అర్థం కాదేమోనన్న చిన్నచూపు కూడా నా మనసులో ఏ మూలో ఉండి ఉంటుంది. అది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

కాసేపటికి తనే తేల్చేసింది. "డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళు నేను తాగతా. నా బదులు కూడా నువ్వే మానుకో. ముసలి బర్రె ఒట్టిపోతే ఇంక దాని బదులు కొననులే, మేతకే చాలడంలా." ఆ తర్వాత నాకు అన్నం పెట్టడానికి లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె ముందు పళ్ళెం పెట్టి, అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, అన్నం వడ్డించే హస్తం చేతికి తీసుకున్నాను.

అన్నంలో హస్తం ముంచి ఆగిపోయాను. ఇన్నేళ్ళూ అక్క "నేను తర్వాత తింటాలే" అనడం, నేను తిని చెయ్యి కడుక్కుని నడుం వాల్చడం. మనుషులు ఎంత తింటున్నారో, అందులో ఎంత తగ్గించుకోవచ్చో క్లాసుల కొద్దీ పాఠం చెప్పినవాణ్ణి. మా అక్క ఎంత అన్నం తింటుందో నాకు తెలియదు.