లోగోకి అత్తగారి పరీక్ష

మా వీధిలో కొట్లకి లోగోలు గీసే బొమ్మలక్క ఇచ్చిన లోగోలో పళ్ళ డాక్టరొకాయన తనిష్టానికి సూర్యుణ్ణీ, చెట్టునీ, భార్య పేరునీ ఇరికించి బోర్డు పెట్టించాడు. జనం నవ్వారు, మాట పడింది ఆమె. అప్పటినుంచి ప్రతి లోగోనూ బొత్తామంత చేసి తలుపుకు అంటిస్తుంది. కొప్పులో పెన్సిలు దోపుకుని, అత్తగారి కళ్ళజోడు తీసి, ఆవిణ్ణి వీధిలో నిలబెడుతుంది. ఆవిడ పోల్చుకుంటేనే లోగో గడప దాటుతుంది. మొన్న రొట్టెల కొట్టాయన గోధుమకంకీ, పొయ్యీ, తన మీసమూ ఉండాల్సిందేనని భీష్మించాడు. కాదంటే పని పోతుంది, సరేనంటే పరువు పోతుంది. ఆమె వాదించకుండా అలాగే గీసి, ఆయన ఎదుటే తలుపుకు అంటించి అత్తగారిని పిలిచింది.

"అదేంటత్తయ్యా?"

"బొద్దింకే! చూస్తావేంటి, చెప్పు తియ్!"

కొట్టాయన పడీపడీ నవ్వి, రొట్టె ఒక్కటే చాలన్నాడు.

నిన్న కనిపించినప్పుడు బొమ్మలక్క నవ్వాపుకుంటూ అంది: "అత్తయ్యకి కళ్ళ ఆపరేషన్ చేయిస్తున్నాం. ఆవిడకి చూపొచ్చిందంటే నేను కొట్టు కట్టేసుకోవాల్సిందే!"