అమ్మ కత్తెర చప్పుడు

పొద్దుగాల ఆర్మూర్ బస్టాండుల ఎవని ఫోన్లనో పాట మోగితే ఆగిపోయిన. గా పాటల దరువు మా అమ్మ బీడీ ఆకు కత్తిరించే చప్పుడే!

గల్లీ దోస్తులారా, యాదికుందా? అమ్మ కత్తెర కిచకిచమంటుంటే నేను తంబాకు చాట మీద దరువేస్తుంటి. "కోతీ, తంబాకంత పారబోస్తవురా!" అని తిట్టుకుంటనే నా దరువుకు కత్తెర కలుపుతుండె. పసుపు యాపారం జేసే సేటు కొడుకు శీనుగాడు గా చప్పుడు, తిట్లు అన్ని వాళ్ల టేపురికార్డుల నింపుకపోయిండు. గిప్పుడు వాడు పాటలు కట్టే పెద్దమనిషి.

సంబురంగ వానికి ఫోన్ చేసిన. "అమ్మ పోయింది గదరా, గా టేపు ఒక్కపారి వినిపియ్యి."

"కత్తెర చప్పుడు మంచిగుండె, పాటల పెట్టుకున్న. మీ అమ్మ తిట్లు అడ్డమొచ్చినయ్, తీసేసిన. టేపు గూడ పారేసిన."

అమ్మ గొంతు నాకు ఇంకేడ లేదు. పెండ్లి బరాత్‌లల్ల గీ పాటకు ఎగిరేటోళ్లు, జర నా ముందట ఎగరకుండ్రి.